అమ్మాయిల సెట్టు, అబ్బాయిల సెట్టు: ముక్కల లెక్కలో తేడా ఎక్కడ?

రంగుపెట్టె:

అందరికీ నమస్కారం. 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు ఆడుకునే గదిలో కట్టే బొమ్మలు సర్దాలి. విడతకు ఎనిమిది మంది, అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసే వస్తారు. ఉన్న సరుకు రెండు రకాలు. గులాబీ, లేత ఊదా పెట్టెల్లో వచ్చిన లెగో ఫ్రెండ్స్ సెట్లు కొన్ని, నీలం పెట్టెల లెగో సిటీ సెట్లూ కాస్త టెక్నిక్ సామానూ (గేర్లు, ఇరుసులతో యంత్రాలు కట్టేది) కొన్ని. వేటి పెట్టెల్లో వాటిని ఉంచితే పిల్లలు లోపల ఏముందో చూడకముందే పెట్టె రంగును బట్టి రెండు జట్లుగా విడిపోతారు. అందుకని అడుగుతున్నాను.

రంగు పక్కన పెడితే, కట్టే పనిలో ఈ రెండు రకాలకూ నిజంగా తేడా ఉందా? ఫ్రెండ్స్ మనుషులు సిటీ బండ్లలో కూర్చుంటారా? అన్నీ ఒకే డబ్బాలో పోసేయవచ్చా? ఇకముందు కొనేటప్పుడు పెట్టె మీద బొమ్మ కాకుండా ఇంకేం చూడాలి?

గులాబీ మంచిదా చెడ్డదా అన్న చర్చ కాదండీ, ముక్కల దాకా దిగి చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

---

ఇటుకాప్లేటూ:

ముందు కలవడం సంగతి. ఇటుకలు పూర్తిగా కలుస్తాయి. ఫ్రెండ్స్ అయినా సిటీ అయినా స్టడ్డు (ఇటుక పైనుండే గుండ్రటి బొడిపె) నడిమి నుంచి పక్క స్టడ్డు నడిమికి 8 మి.మీ., ఇటుక ఎత్తు 9.6 మి.మీ., ప్లేటు ఎత్తు 3.2 మి.మీ. మూడు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే ఒక ఇటుక. ఊదా రంగు 2×4 (రెండు వరసల్లో నాలుగేసి స్టడ్లు) ఇటుకకీ ఎర్ర 2×4 ఇటుకకీ రంగే తేడా.

చిక్కంతా మనుషులతో. సిటీలో వచ్చేది 1978 నుంచి ఉన్న మినీఫిగర్. ఫ్రెండ్స్‌లో వచ్చేది 2012లో ఆ సిరీస్‌తో మొదలైన మినీడాల్. పక్కపక్కన నిలబెడితే మినీడాల్ మినీఫిగర్ కంటే సుమారు అర సెంటీమీటరు ఎక్కువ పొడుగు, మనిషి సన్నం. చూపులో తేడా కంటే కీళ్ళలో తేడా ముఖ్యం. మినీఫిగర్ కాళ్ళు దేనికది కదులుతాయి, మణికట్టు తిరుగుతుంది, కూర్చోబెడితే తొడల వెనక ఉన్న గుంటలు స్టడ్ల మీద బిగుసుకుంటాయి. మినీడాల్ కాళ్ళు రెండూ కలిసే వంగుతాయి, మణికట్టు తిరగదు, తొడల వెనక గుంటలు లేవు. అంటే సీట్లో కూర్చుంటుంది కానీ పట్టుకోదు. బండి కొంచెం వంచితే జారి పడుతుంది.

కాబట్టి మినీఫిగర్ కొలతకు కట్టిన కారులో మినీడాల్‌ని పెడితే మూడు జరుగుతాయి: తల పైకప్పుకి తగులుతుంది, చెయ్యి స్టీరింగ్ కోణానికి తిరగదు, మనిషి సీట్లో నిలవదు. పిల్లలు దీన్ని "ఈమెకు బండి నడపడం రాదు" అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. అందుకే ఇది చిన్న విషయంగా నాకు కనిపించదు. సరిదిద్దడం తేలిక. పైకప్పు కింద రెండు ప్లేట్ల ఎత్తు, అంటే 6.4 మి.మీ. పెంచండి. సీటు వెనక 1×2 ఇటుకా, ముందు ఒక ప్లేటు అంచూ పెట్టి నడుమును ఇరికించండి. హ్యాండిల్ ఉన్న ముక్కను కదిలే కీలు మీద పెట్టి, చేతి కోణానికి హ్యాండిల్‌నే తిప్పండి. జుట్టూ టోపీలూ రెండు రకాల తలల మీదా పడతాయి. తలలు మాత్రం మారవు, మెడ కొలత వేరు.

ఇక కట్టే పనిలో తేడా. రంగు చూసి తేల్చకండి, లెక్కబెట్టండి. సూచనల పుస్తకం చివర ముక్కల జాబితా బొమ్మలతో ఉంటుంది. దాన్ని నాలుగు కుప్పలుగా విడగొట్టండి:

మొదటిది మామూలు ఇటుకలు, ప్లేట్లు, వాలు ముక్కలు. రెండోది కదలికనిచ్చేవి: కీళ్ళు, ఇరుసులు, గేర్లు, పిన్నులు, చక్రాలు. మూడోది ఒక్క ముక్కలోనే పెద్ద పని అయిపోయేవి: నిలువెత్తు గోడ పలక, బండి అడుగు చట్రం, పడవ మొండెం. నాలుగోది చేతి సామాను: కప్పులు, పూలు, రిబ్బన్లు, కత్తులు, తుపాకులు.

మొదటి రెండు కుప్పలూ కలిపి మొత్తంలో మూడింట రెండు వంతులు ఉంటే ఆ సెట్టు కట్టడానికి పనికొస్తుంది. సగం కంటే తక్కువైతే అది అలంకరణ పెట్టె, లేదంటే యుద్ధపు పెట్టె. ఇది నా సొంత కొలత. తక్కువ తేలేవి గులాబీ పెట్టెలేనని అనుకుంటే పొరపాటు. కత్తులూ కవచాలూ నిండిన పెట్టెలు కూడా ఇదే లెక్కలో దొరికిపోతాయి. ఫ్రెండ్స్‌లో రెండు మూడు అంతస్తుల ఇళ్ళు బాగానే నిలబడతాయి. వాటిలో సాధారణంగా లోటు రెండో కుప్పలో. ఇల్లు ఉంటుంది, అందులో తలుపు తప్ప కదిలేది ఉండదు.

---

పాతకేటలాగు:

పై లెక్కకు వెనక కథ కొంచెం చెబుతాను. ఎందుకంటే ఏ లోటు ఏ నిర్ణయం నుంచి వచ్చిందో తెలిస్తే కొనేటప్పుడు కన్ను అక్కడికే పోతుంది.

కట్టే బొమ్మలను మగపిల్లలవిగా చూపడం ప్లాస్టిక్ ఇటుక కంటే పాతది. 1913లో ఎ. సి. గిల్బర్ట్ ఎరెక్టర్ సెట్టు అమ్మినప్పుడు ప్రకటనలు నేరుగా అబ్బాయిలనే పిలిచాయి. ఇనుప పట్టీలు, నట్లు, బోల్టులు కదా, అది నాన్నల పని అనుకున్నారు. లెగో ఇటుక పేటెంటుకు 1958లో దరఖాస్తు చేశారు. ఆ కంపెనీ 1970ల్లో పెట్టెలో వేసిన ఒక చీటీ ఇప్పటికీ చదవదగ్గది. కట్టాలనే తపన పిల్లలందరిలో ఒకేలా ఉంటుందనీ, బొమ్మరిల్లు ఇష్టపడే అబ్బాయిలూ అంతరిక్ష నౌకలు ఇష్టపడే అమ్మాయిలూ చాలామంది ఉంటారనీ తల్లిదండ్రులకు చెప్పింది. 1981 నాటి ప్రకటనలో రెండు జడలేసుకుని, జీన్సు వేసుకున్న పాప తను కట్టింది పట్టుకుని నిలబడి ఉంటుంది. చేతిలో ఉన్నది రంగురంగుల మామూలు ఇటుకలు.

ఆ తర్వాత వచ్చిన అమ్మాయిల వరసలు చూడండి. 1994లో బెల్‌విల్: పెద్ద బొమ్మలు, వాటి కొలతకు తగ్గట్టు పెద్ద పెద్ద గోడ ముక్కలు. 1997లో స్కాలా: ఇంకా పెద్ద బొమ్మలు, వాటికి గుడ్డతో కుట్టిన బట్టలు. 2003లో క్లికిట్స్: నగలూ అలంకరణలూ, అది దాదాపు వేరే వ్యవస్థే. మొదటి రెండింటిలోనూ తప్పు ఒకచోటే జరిగింది. బొమ్మ పెద్దదైన కొద్దీ ఇల్లు పెద్దది కావాలి, ఇల్లు చిన్న ఇటుకలతో కడితే ముక్కలు మరీ ఎక్కువవుతాయి, అందుకని గోడను ఒకే ముక్కగా పోశారు. కట్టడం అక్కడ పోయింది. రంగు మార్చినా అది తిరిగి రాదు.

ఫ్రెండ్స్ ఆ పొరపాటు చెయ్యలేదు, ఈ ఒక్క మాట దానికి దక్కాలి. మినీడాల్‌ని మామూలు ఇటుకల కొలతకు దగ్గరగా ఉంచారు కాబట్టి గోడలు మళ్ళీ ఇటుకలతోనే కట్టాల్సి వచ్చింది. మొదటి ఏడాదే ఒక పాత్రకు చిన్న రోబోతో సహా పరికరాల గది ఇచ్చారు కూడా. అయినా 2012లో దాని మీద పెద్ద ఎత్తున సంతకాల సేకరణ జరిగింది. అభ్యంతరం చెప్పినవాళ్ళ మాట సబబే. ఒక కంపెనీ తన బొమ్మల్లో అమ్మాయిలకంటూ వేరే ఊరు కట్టిందంటే, మిగతా ఊరు ఎవరిదో చెప్పకనే చెప్పినట్టు.

మరో దారి కూడా ఉందని 2014లో వచ్చిన రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ సెట్టు చూపించింది. ఖగోళ శాస్త్రవేత్త, శిలాజాల శాస్త్రవేత్త, రసాయన శాస్త్రవేత్త, ముగ్గురూ ఆడవాళ్ళే, ముగ్గురూ మామూలు మినీఫిగర్లే. 2017లో నాసా మహిళల సెట్టు (231 ముక్కలు) అదే దారిలో వచ్చింది. మార్గరెట్ హామిల్టన్, నాన్సీ గ్రేస్ రోమన్, శాలీ రైడ్, మే జెమిసన్. వీటికోసం వేరే కొలత, వేరే శరీరం అక్కర్లేకపోయింది. కదలిక పరంగా మాత్రం ఇవి చిన్న ప్రదర్శన సెట్లే, పిల్లల చేతికి పెద్దగా పని పెట్టవు.

ఇటుకలు కాని వాటిలో 2012లోనే మొదలైన రెండు ప్రయత్నాలు పోల్చి చూడాలి. గోల్డీబ్లాక్స్ కథ పుస్తకంతో పాటు చిల్లుల పలక, ఇరుసులు, చక్రాలు, రిబ్బను ఇచ్చింది. ఆలోచన మంచిదే. కానీ ముక్కలు ఆ కథలోని యంత్రానికి సరిపడా మాత్రమే ఉంటే, కథ అయ్యాక పిల్లకు చెయ్యడానికి ఏమీ మిగలదు. రూమినేట్ బొమ్మరింటిలోనే మోటారు, తీగలు పెట్టింది. ఫ్యాను తిరగాలంటే సర్క్యూట్ పూర్తి కావాలి. నా ఓటు ఈ రెండోదానికి, ఎందుకంటే ఇంటి ఆటను తీసెయ్యకుండా ఇంట్లోకి యంత్రాన్ని తెచ్చింది.

దుకాణాల వైపు ఒక మాట: కాలిఫోర్నియాలో 500 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న పెద్ద దుకాణాలు పిల్లల బొమ్మలకు ఆడా మగా భేదం లేని అరల వరస ఒకటి పెట్టాలన్న చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. వరస మారినంత మాత్రాన పెట్టెలోని ముక్కలు మారవు.

---

పళ్ళచక్రం:

పై ఇద్దరూ చెప్పిన లోటు కదలిక. దాన్ని కొత్త సెట్టు కొనకుండానే పూడ్చవచ్చు. మీ దగ్గర టెక్నిక్ సామాను ఉందంటున్నారు కనుక, ఫ్రెండ్స్ ఇంటికి చేత్తో తిప్పే లిఫ్టు పెట్టించండి. ఒక్కో లిఫ్టుకి కావలసినవి: చిల్లులున్న 1×4 టెక్నిక్ ఇటుకలు 4, 1×4 ప్లేట్లు 4, 8 పళ్ళ గేరు 1, 24 పళ్ళ గేరు 1, ఇరుసులు 2, బుష్‌లు (ఇరుసు జారకుండా పట్టే చిన్న గొట్టాలు) 6, తిప్పే పిడి 1, అర మీటరు దారం, అడుగుకి 4×4 ప్లేటు 1.

పిల్లలు తప్పకుండా ఇరుక్కునే చోటు గేర్ల మధ్య దూరం. గేరు వ్యాసార్ధం మి.మీ.లలో పళ్ళ సంఖ్యలో సగం. 8 పళ్ళది 4, 24 పళ్ళది 12, రెండూ కలిపి 16 మి.మీ. అడ్డంగా అయితే సరిగ్గా రెండు స్టడ్లు, ఇబ్బంది లేదు. నిలువుగా పేర్చినప్పుడే తేడా కొడుతుంది. రెండు టెక్నిక్ ఇటుకల మధ్య ఇంకో ఇటుక పెడితే చిల్లుల మధ్య దూరం 19.2 మి.మీ. అవుతుంది, పళ్ళు అందవు. మధ్యలో ఏమీ పెట్టకపోతే 9.6, ఇరుసే పట్టదు. మధ్యలో రెండు ప్లేట్లు పెట్టాలి: 9.6కి 6.4 కలిపితే 16. అందుకే పై జాబితాలో నాలుగు ప్లేట్లు, ఒక్కో వైపుకి రెండు. ముందే చెప్పెయ్యకండి. ఇటుకతో ఒకసారి, ప్లేట్లతో ఒకసారి ప్రయత్నించనివ్వండి. పళ్ళు కరుచుకున్న క్షణాన వేళ్ళకే తెలుస్తుంది.

ఇంకో మూడు తప్పులు వస్తాయి. ఇరుసును ఒక వైపు గోడకే గుచ్చితే రెండో కొస ఊగి, బరువు పడగానే గేరు పక్కకు తప్పుకుంటుంది. రెండు వైపులా ఆధారం ఉండాలి. బుష్‌ను ఇటుకకి గట్టిగా ఒత్తితే రాపిడికి తిరగదు. కాగితం మందం సందు వదలండి. దారాన్ని ఇరుసుకి ఊరికే ముడి వేస్తే ముడి అక్కడే తిరుగుతూ ఉంటుంది, దారం చుట్టుకోదు. రెండు బుష్‌ల మధ్య దారం కొసను నొక్కిపెట్టండి.

8 పళ్ళది పిడి వైపు, 24 పళ్ళది దారం వైపు. మూడు సార్లు తిప్పితే దారం ఇరుసు ఒకసారి తిరుగుతుంది. ఇరుసు చుట్టుకొలత సుమారు 15 మి.మీ. ఆరు ఇటుకల ఎత్తున్న అంతస్తు 57.6 మి.మీ. కనుక పన్నెండు సార్లు తిప్పితే లిఫ్టు పై అంతస్తుకి చేరుతుంది. ఆరేళ్ళ పిల్లకు ఓపిక సరిపోయే లెక్కే.

---

రంగుపెట్టె:

ముగ్గురికీ చాలా థాంక్సండీ. ముక్కల జాబితా లెక్కబెట్టడం వెంటనే మొదలుపెడతాను. రెండు సందేహాలు. లిఫ్టు పైకి వెళ్ళాక పిడి వదిలేస్తే పడిపోతుంది కదా, దానికేం చెయ్యాలి? రెండోది, అసలు సమస్య. అన్నీ కలిపినా చాలామంది అబ్బాయిలు ఊదా, గులాబీ ఇటుకలు ముట్టుకోరని వింటున్నాను. అమ్మాయిలను టెక్నిక్ వైపు తేవడం గురించి అందరూ రాస్తారు, ఇటువైపు ఎవరూ రాయరు.

---

పళ్ళచక్రం:

పడిపోకుండా ఉండాలంటే 8 పళ్ళ గేరు తీసి దాని స్థానంలో వర్మ్ గేరు పెట్టండి. మరమేకు లాంటి గేరు. అది 24 పళ్ళదాన్ని తిప్పగలదు, 24 పళ్ళది దాన్ని తిప్పలేదు, కాబట్టి ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది. దీనికీ దూరం 16 మి.మీ.యే, కాకపోతే పిడి ఇరుసు దారం ఇరుసుకు అడ్డంగా ఉండాలి.

అయితే ఇప్పుడు 24 సార్లు తిప్పితే దారం ఇరుసు ఒక్కసారి తిరుగుతుంది. వట్టి ఇరుసు మీదే దారం చుడితే ఒక అంతస్తుకి తొంభై సార్లు పైనే తిప్పాలి, ఏ పిల్లా అంతసేపు తిప్పదు. దారాన్ని 24 మి.మీ. వ్యాసమున్న చక్రం మీద చుట్టండి. చుట్టుకొలత 75 మి.మీ. దాకా వస్తుంది, అప్పుడు 18, 19 తిప్పుళ్ళలో చేరుతుంది.

---

కలిపిన డబ్బా:

అబ్బాయిల సంగతి మీరు అడగడం సంతోషంగా ఉంది, నిజంగానే దాన్ని వదిలేస్తారు. 2021లో లెగో సంస్థ, మీడియాలో ఆడా మగా చిత్రణను పరిశీలించే గీనా డేవిస్ ఇన్‌స్టిట్యూట్‌తో చేయించిన సర్వేలో, అవతలి వాళ్ళదిగా పేరుపడ్డ బొమ్మతో ఆడితే ఎగతాళి చేస్తారని భయపడినవాళ్ళు అబ్బాయిల్లో 71 శాతం, అమ్మాయిల్లో 42 శాతం. అంటే ముట్టుకోకపోవడం అయిష్టం కాకపోవచ్చు, పక్కవాడి చూపు కావచ్చు. కాబట్టి "గులాబీ అందరిదీ" అని మాటల్లో చెప్పకండి. పిల్లల మనసులో లేని ప్రశ్నను మనమే తెచ్చి పెట్టినట్టవుతుంది. అవసరాన్ని పని చెయ్యనివ్వండి.

అది ఇలా. ముక్కలను రంగును బట్టి ఎప్పుడూ సర్దకండి, ఆకారాన్ని బట్టి సర్దండి. రంగుల వారీగా సర్దితే గులాబీ ట్రే ఒక ప్రకటన బోర్డులా నిలబడుతుంది. పైగా ఎర్ర కుప్పలో 2×4 వెతకడం కష్టం, 2×4ల కుప్పలో ఎర్రది కనిపెట్టడం తేలిక. ఒకే లోతైన డబ్బాలో అన్నీ పొయ్యడం కూడా వద్దు. చిన్న ప్లేట్లు, పిన్నులు అడుక్కి పోతాయి, పైన పెద్ద గోడ ముక్కలు మిగులుతాయి, పిల్లలు వాటితోనే సరిపెట్టుకుంటారు. నాలుగు వేళ్ళ లోతు దాటని ట్రేలు ఆరు చాలు: ఇటుకలు, ప్లేట్లు, వాలు ముక్కలతో పాటు కమానులు, కదిలేవి, తలుపులూ కిటికీలూ, మనుషులూ చేతి సామానూ. చివరి ట్రేని మొదటి పావుగంట బయట పెట్టకండి. ముందు మనుషుల్ని పెడితే కట్టడం ఆగిపోయి సంభాషణ మొదలవుతుంది. కట్టాక మనుషులొస్తే ఆ సంభాషణకు ఒక చోటు ఉంటుంది.

ఆపైన, కొరతగా ఉండే ఆకారాలు ఏ రంగులో ఉన్నాయో చూడండి. ఫ్రెండ్స్ సెట్లలో కమానులు, వంపు వాలు ముక్కలు బాగా దొరుకుతాయి. వంతెనకి కమాను కావాలి, ఉన్న కమానులన్నీ ఊదావే. చెయ్యి అటు పోతుంది, ఎవరూ ఏమీ అనరు, ఎందుకంటే అందరికీ అదే కావాలి.

పని చీటీ రాయడంలోనూ జాగ్రత్త పడాలి. "కోట కట్టండి", "ఇల్లు కట్టండి" అనగానే జట్లు విడిపోతాయి. కొలతా, ఒక చిన్న కథా రెండూ ఉన్న పని ఇవ్వండి. ఉదాహరణకు: "30 సెం.మీ. వెడల్పు కాలువ. అటువైపు కుక్కపిల్ల చిక్కుకుంది. మందులు, ఆహారం మోసుకెళ్ళే బండి దాటాలి. వంతెన మీద ఒక లావుపాటి పుస్తకం నిలవాలి." ఇందులో కుక్కపిల్ల కోసం వచ్చినవాళ్ళూ బరువు లెక్క కోసం వచ్చినవాళ్ళూ ఒకే వంతెన కట్టక తప్పదు.

ఈ వంతెన ఎక్కడ విరుగుతుందో మీరు ముందే తెలుసుకుని ఉండండి. 2×8 ప్లేటు పొడవు 64 మి.మీ. ఆరు పెడితే 384, రెండు ఒడ్డుల మీదా నాలుగేసి సెం.మీ. ఆనుతుంది. చాలామంది కింద ఆరు ప్లేట్లు వరసగా పెట్టి పైన ఇటుకలు పేరుస్తారు. పుస్తకం పెట్టగానే సరిగ్గా నడుమ విడిపోతుంది. కారణం: ఆరు ప్లేట్లంటే ఒక అతుకు ఖచ్చితంగా మధ్యలో పడుతుంది, బరువుకి వంతెన అడుగు సాగాలని చూస్తుంది, అతుకు తెరుచుకుంటుంది. కింద వరసలో రెండు కొసలకూ 2×4 ప్లేటు ఒక్కోటి, మధ్యలో 2×8వి ఐదు పెట్టండి. అప్పుడు నడుమన అతుకు ఉండదు. దాని మీద ఇటుకల వరస: 2×4వి పదకొండు, కొసలకు 2×2వి రెండు. పైన 2×8 ప్లేట్లు ఆరు. పై వరస బరువుకి నొక్కుకుంటుంది కాబట్టి అక్కడ నడుమన అతుకున్నా ఫరవాలేదు. మూడు వరసల్లో ఏ అతుకూ మరో అతుకు మీద పడదు. పై వరసనూ కింది వరసనూ తారుమారు చేస్తే అవే ముక్కలతో మళ్ళీ నడుమనే విరుగుతుంది. రెండూ పక్కపక్కన కట్టించి చూపించండి.

జంటల్లో ఒక చిక్కు ఉంటుంది. ఒకరు కడతారు, రెండోవారు సామాను సర్దే పనిలోకి జారుకుంటారు. చాలాసార్లు ఎవరు ఏ పనిలోకి జారతారో మీరు ఊహించగలరు. అందుకని రెండే పనులు పెట్టండి: ఒకరు బొమ్మ చూసి ముక్క వెతికి ఇస్తారు, ఇంకొకరు బిగిస్తారు. పేజీ తిప్పిన ప్రతిసారీ పనులు మారాలి. వెతికేవాళ్ళకు ఆకారాన్ని పోల్చుకోవడం, బిగించేవాళ్ళకు ముక్కను మనసులో తిప్పి చూసుకోవడం అలవాటవుతాయి. ఇద్దరికీ రెండూ రావాలి.

ఎనిమిది మందికి నాలుగు జంటలు. జంటకు 2×4 ఇటుకలు 40, 2×2వి 30, రకరకాల ప్లేట్లు 50, వాలు ముక్కలూ కమానులూ కలిపి 25, చిల్లుల ఇటుకలు 8, గేర్లు రెండు కొలతల్లో రెండేసి, ఇరుసులు 6, చక్రాలు 4 ఉంటే పై రెండు పనులూ సాగుతాయి. మనుషులు జంటకు మూడు: రెండు మినీఫిగర్లు, ఒక మినీడాల్, లేదా తారుమారుగా.

---

ఇటుకాప్లేటూ:

నా లెక్కకు ఒక దిద్దుబాటు. నాలుగో కుప్పను ముక్కల సంఖ్యతో కొలిస్తే పూలున్న సెట్లకు అన్యాయం జరుగుతుంది. ఒకే కొమ్మకు గుచ్చే చిన్న పూలు జాబితాలో పది ముక్కలుగా కనిపిస్తాయి. ఒకే పనికి వాడే అలాంటి గుత్తిని ఒక్కటిగానే లెక్కబెట్టండి. కత్తుల గుత్తికీ అదే పద్ధతి.

మినీడాల్‌లను తీసేసి మినీఫిగర్లే ఉంచండని కొందరు చెబుతారు, అది వద్దు. బండిని ఇద్దరికీ సరిపోయేలా మార్చడమే ఒక మంచి పని చీటీ: "ఈ కారులో ఇద్దరు వేర్వేరు ఎత్తుల వాళ్ళు నడపాలి. వంచినా పడకూడదు." పైకప్పు కింద రెండు ప్లేట్లు, సీటు వెనక 1×2 ఇటుక, కీలు మీద హ్యాండిల్. ఈ మూడూ పిల్లలే కనిపెట్టగలరు, ముందుగా బండిని ఒక్కసారి తలకిందులు చేసి చూపిస్తే చాలు.